కాల్చిన తియ్యగుమ్మడి యూషం

జ్వరం విడిచినంత మాత్రాన మనిషి ఆరోగ్యవంతుడు కాడు. వ్యాధి తగ్గిన తరువాత జఠరాగ్ని మందగించి ఉంటుంది. నోరు చేదుగా ఉంటుంది, నాలుకకు ఏదీ రుచించదు. ఈ సమయంలో ఏమి పెట్టాలన్నది ప్రతి గృహిణికీ ఎదురయ్యే సమస్యే. పెద్ద వయసు వారి విషయంలో ఇది మరింత జటిలమవుతుంది. నమలడానికి పళ్లుండవు, మింగడానికి మనసుండదు.

మా నాన్నగారికి 79వ ఏట ఒకసారి విషజ్వరం వచ్చి తగ్గింది. మూడు రోజులు బియ్యపు జావ త్రాగారు. నాలుగో రోజు గిన్నెను ప్రక్కకు జరిపి, "అమ్మా, ఇది రోగికి పెట్టే తిండి. మనిషికి పెట్టే తిండి ఏదైనా ఉంటే తీసుకురా" అన్నారు. ఆ మాట నన్ను కలవరపెట్టింది. ఇంట్లో తియ్యగుమ్మడి ముక్క ఉన్నది. దానిని నీటిలో ఉడికించి, మెత్తగా చేసి, చిక్కదనం కొరకు పాలు, మీగడ కలిపి, ఉప్పు వేసి, పచ్చి వాసన పోవడానికి నిమ్మరసం పిండాను. క్షణంలో అంతా విరిగి, ముక్కలు ముక్కలుగా తేలింది. అమ్మ చూసి, "పాలలో ఉప్పు, పైగా పులుపు కూడానా? విరగక ఏమవుతాయే?" అన్నది.

ఆ రోజు నేను చేసిన తప్పులు రెండు. గుమ్మడిని నీటిలో ఉడికించడం మొదటిది. చిక్కదనాన్ని కాయలో కాక బయటి పదార్థంలో వెదకడం రెండవది. ఆ రెండింటినీ సవరించుకొని తరువాత చేసిన వంటకమే ఈ పాఠంలో వివరిస్తున్న యూషం. దీనిలో పాలు లేవు, మీగడ లేదు, మైదా లేదు. అయినా వెన్నవలె మెత్తగా, చిక్కగా ఉంటుంది.

రెండు గుమ్మడులు – రెండు గుణాలు

ముందుగా ఒక సందేహాన్ని తీర్చుకోవాలి. తెలుగువారు గుమ్మడికాయ అన్నప్పుడు రెండు వేర్వేరు కాయలను ఉద్దేశిస్తారు. ఒకటి బూడిదగుమ్మడి. దృష్టిదోషం తగులకుండా గుమ్మానికి వ్రేలాడదీసేదీ, వడియాలు పెట్టుకొనేదీ ఇదే. దీని పైన తెల్లని పొడి ఉంటుంది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకొన్నాడన్న సామెత పుట్టింది ఆ పొడి వల్లనే. రెండవది తియ్యగుమ్మడి. మంచిగుమ్మడి అన్నా, ఎర్రగుమ్మడి అన్నా ఇదే. సంక్రాంతినాటి దప్పళంలోనూ, బెల్లం వేసి వండే పులుసులోనూ పడే కాయ ఇది.

ఆయుర్వేద గ్రంథాలలో కూష్మాండం అని ప్రశంసింపబడినది బూడిదగుమ్మడి. కూష్మాండ లేహ్యం తయారయ్యేది దానితోనే. పిత్తాన్ని శమింపజేస్తుందనీ, మూత్రాశయాన్ని శుద్ధి చేస్తుందనీ సుశ్రుతాదులు చెప్పిన గుణాలు దానికి సంబంధించినవే. తియ్యగుమ్మడి అమెరికా ఖండాలలో పుట్టిన కాయ. 1492 తరువాత ఐరోపావారి నౌకాయానాల మూలంగా అది మిగిలిన ప్రపంచానికి ప్రాకింది. అందువల్ల చరక సుశ్రుతులు దీనిని ఎరుగరు. బూడిదగుమ్మడికి చెప్పిన ఔషధ గుణాలను తియ్యగుమ్మడికి అంటగట్టి, ఇది ఫలానా రోగానికి మందు అని చెప్పడం సరికాదు.

అట్లని తియ్యగుమ్మడికి విలువ లేదనుకోరాదు. ఇది మంచి ఆహారం. పచ్చి గుజ్జు 100 గ్రాములలో 90 గ్రాములకు పైగా నీరే ఉంటుంది. శక్తి 26 కెలోరీలకు మించదు. దాని పసుపు, నారింజ రంగులకు కారణమైన బీటా కెరోటిన్ మన శరీరంలో ఎ విటమిన్‌గా మారుతుంది. ఈ కెరోటిన్ కొవ్వులో కరిగే స్వభావం కలది కనుక, కొద్దిపాటి నెయ్యి గాని నూనె గాని తోడైతేనే బాగా ఒంటబడుతుంది. గుమ్మడి వంటకానికి మన పెద్దలు నేతి పోపు పెట్టడం రుచి కొరకే కావచ్చు. కాని ఫలితం ఆరోగ్యానికీ అనుకూలించింది.

యూషం అనగా ఏమి?

నేడు సూప్ అంటున్న దానికి దగ్గరగా ఉండే ఆహారం మన వైద్యశాస్త్రంలో యూషం. పెసలు మొదలైన పప్పుధాన్యాలను అధికంగా నీరు పోసి మెత్తగా ఉడికించి తయారు చేసే పలుచని ఆహారమిది. నేయి, ఉప్పు, మిరియాల వంటి కారపు ద్రవ్యాలు చేర్చనిది అకృతయూషం. చేర్చినది కృతయూషం. పంచకర్మల తరువాత అగ్నిని క్రమంగా పెంచడానికి విధించిన సంసర్జన క్రమంలో ముందు పేయ, తరువాత విలేపి, ఆపైన అకృతయూషం, కృతయూషం వస్తాయి. నిప్పును రగిలించేటప్పుడు ముందు గడ్డిపరకలు, తరువాత చితుకులు, ఆ తరువాతనే మొద్దులు వేస్తాము గదా! ఆకలి విషయంలోనూ అదే వరుస.

మా నాన్నగారు జావను త్రోసిపుచ్చిన నాడు నాకు గుర్తు రాని విషయం ఇదే. జావ మొదటి మెట్టు మాత్రమే. దానిపైనే రోజుల తరబడి నిలబెడితే ఎవరికైనా విసుగు పుడుతుంది. రెండవ, మూడవ మెట్లలో రుచి, వాసన, కొద్దిపాటి కారం ఉండాలి. పెసరపప్పును ఆధారంగా చేసికొని, కాల్చిన గుమ్మడి గుజ్జును కలిపితే అటువంటి మెట్టు ఒకటి ఏర్పడుతుంది.

కాల్చడం ఎందుకు?

గుమ్మడిలో స్వతహాగా నీరు ఎక్కువ. దానిని మళ్లీ నీటిలో ఉడికిస్తే గుజ్జు నీరు పట్టి చప్పబడుతుంది, పచ్చి వాసన మిగులుతుంది. పొడి వేడిమిలో కాలిస్తే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. నీరు ఆవిరై గుజ్జు చిక్కబడుతుంది. అంచులలోని చక్కెర కొద్దిగా మాడి గోధుమరంగుకు తిరిగి కమ్మని వాసననిస్తుంది.

వంకాయను ఉడికించి చేసిన పచ్చడికీ, నిప్పుల మీద కాల్చి చేసిన పచ్చడికీ ఉన్న తేడా మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. అమ్మ పొయ్యి మీద వంకాయను త్రిప్పుతూ కాల్చడం చూసిన తరువాతనే, గుమ్మడిని కూడా కాల్చి చూడాలన్న ఆలోచన నాకు కలిగింది. ద్రవ్యం ఒకటే అయినా అగ్నితోనూ, నీటితోనూ చేసే సంస్కారాన్ని బట్టి దాని గుణం మారుతుందని చరక సంహిత చెప్పింది. వంటగదిలో ఆ సూత్రానికి ఇంతకన్న తేలికైన ఉదాహరణ దొరకదు.

కాయను ఎంచుకొనే విధానం

నిండుకాయ కొనేటట్లయితే, చూడడానికి చిన్నదైనా చేతికి బరువుగా ఉన్నది మేలు. తొడిమ ఎండి గట్టిపడి ఉండాలి. తొక్కపై గోరు గ్రుచ్చితే దిగరాదు. బజారులో ముక్కలుగా కోసి అమ్మేవి తీసుకొన్నప్పుడు, గుజ్జు ముదురు నారింజరంగులో గట్టిగా ఉన్న ముక్కను ఎన్నుకోవాలి. గింజల వద్ద జిగటగా ఉన్నా, పులిసిన వాసన వచ్చినా వదలివేయాలి.

కోసే ముందు తొక్కను శుభ్రంగా కడగాలి. కాయ దొర్లకుండా క్రింద తడిగుడ్డ మడతపెట్టి ఉంచి, నిదానంగా కోయాలి. తియ్యగుమ్మడి తొక్క గట్టిది కనుక కత్తి జారి చేయి తెగే ప్రమాదం ఉన్నది.

కావలసిన పదార్థాలు (నలుగురికి)

తియ్యగుమ్మడి ముక్క – 750 గ్రాములు (తొక్క, గింజలు పోగా సుమారు 550 గ్రాములు)
పెసరపప్పు – 2 పెద్ద చెంచాలు (30 గ్రాములు)
ఉల్లిపాయ – మధ్యరకం 1
వెల్లుల్లి – 4 రెబ్బలు, పొట్టుతోనే
అల్లం – అంగుళం ముక్క
మిరియాలు – 8 లేక 10
జీలకర్ర – 1 చిన్న చెంచా
నువ్వులనూనె – 1 పెద్ద చెంచా
నెయ్యి – 2 చిన్న చెంచాలు
కరివేపాకు – 1 రెమ్మ
సైంధవలవణం – తగినంత
నీరు – మూడున్నర కప్పులు (కప్పు అనగా 200 మిల్లీలీటర్లు)

ఉల్లి, వెల్లుల్లి వాడని వారు వాటిని మానివేసి, పోపులో చిటికెడు ఇంగువ వేసికొనవచ్చును.

తయారు చేయు విధానం

1. పెసరపప్పును నూనె లేకుండా కమ్మని వాసన వచ్చే వరకు దోరగా వేయించి, కడిగి, ఒకటిన్నర కప్పుల నీటిలో మెత్తగా ఉడికించి ప్రక్కన ఉంచాలి. పప్పు చేతితో నలిపితే వెన్నవలె కరగాలి. యూషానికి చిక్కదనాన్ని ఇచ్చేది సగం ఇదే.

2. గుమ్మడి తొక్క తీసి అంగుళం ముక్కలుగా కోయాలి. కోసిన వెంటనే ఒక చిన్న పచ్చి ముక్కను నాలుకకు తగిలించి రుచి చూడాలి. చేదుగా ఉన్నట్లయితే ఉమ్మివేసి, కాయ మొత్తాన్నీ పారవేయాలి. ఇందుకు కారణం ముందు చెప్పబడుతుంది.

3. ముక్కలకు, నాలుగు చీలికలుగా కోసిన ఉల్లిపాయకు, వెల్లుల్లి రెబ్బలకు నువ్వులనూనె పట్టించాలి. మందపాటి ఇనుప పెనాన్ని గాని మూకుడును గాని వేడిచేసి, ముక్కలను ఒకదానిపై ఒకటి పడకుండా పరచాలి. అన్నీ పట్టకపోతే రెండు దఫాలుగా కాల్చాలి. ముక్కలు గుట్టగా పడితే కాలవు, తమ నీటిలో తామే ఉడికిపోతాయి.

4. మూతపెట్టి సన్నని సెగపై 10 నుండి 12 నిమిషాలు ఉంచాలి. తరువాత మూత తీసి, సెగ కొంచెం పెంచి, అడపాదడపా త్రిప్పుతూ మరి 8 లేక 10 నిమిషాలు కాల్చాలి. అంచులు గోధుమరంగుకు తిరిగి, కత్తిమొన అవలీలగా దిగాలి. నల్లగా మాడిన చోటు ఉంటే గీకివేయాలి, లేకపోతే చేదు వస్తుంది.

5. విద్యుత్ ఓవెన్ ఉన్నవారికి పని మరింత సులభం. తొక్క తీయకుండా పెద్ద ముక్కలుగా కోసి, నూనె రాసి, 200 డిగ్రీల సెల్సియస్ వద్ద 40 నుండి 45 నిమిషాలు ఉంచితే చాలు. చల్లారిన తరువాత చెంచాతో గుజ్జును తీసివేయవచ్చును.

6. కాలిన వెల్లుల్లిని నొక్కితే లోపలి గుజ్జు బయటకు వస్తుంది. దానిని, గుమ్మడిని, ఉల్లిని, అల్లం ముక్కను, ఉడికిన పప్పును కలిపి పది నిమిషాలు చల్లారనివ్వాలి. తరువాత మెత్తగా రుబ్బాలి.

7. రుబ్బిన ముద్దను గిన్నెలోకి తీసి, మిగిలిన రెండు కప్పుల నీటిని వేడిచేసి కొద్దికొద్దిగా కలపాలి. ఉప్పు వేసి, సన్నని సెగపై 5 నిమిషాలు మరగనివ్వాలి. చిక్కని గుజ్జు మరిగేటప్పుడు చేతిపైకి చిట్లుతుంది కనుక పొడుగుపాటి గరిటె వాడాలి.

8. నేతిలో జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, కరివేపాకు వేయించి పోపు పెట్టి వెంటనే మూతవేయాలి. రెండు నిమిషాల తరువాత వడ్డించాలి.

మిక్సీ వాడేవారికి ఒక మాట. వేడి పదార్థాన్ని జాడీ నిండా పోసి త్రిప్పితే లోపలి ఆవిరి మూతను ఎగదన్నుతుంది. తొందరలో నేను ఒకసారి అట్లే చేసి ముంజేయి కాల్చుకొన్నాను. చల్లారిన తరువాత సగం జాడీకి మించకుండా పోసి, మూతపై మడతపెట్టిన గుడ్డ ఉంచి, ఆపి ఆపి త్రిప్పాలి. మిక్సీ లేని ఇంట్లో పప్పుగుత్తితో మెదిపి, జల్లెడలో వడపోసినా సరిపోతుంది. జల్లెడ పట్టిన యూషమే నిజానికి మరింత నునుపుగా ఉంటుంది.

సరిగా కుదిరినదని ఎట్లా తెలుస్తుంది? చెంచా ముంచి తీసి, దాని వెనుకవైపున వ్రేలితో గీత గీయాలి. గీత చెదరక నిలిస్తే పాకం సరిపోయినట్లు.

లోపాలు – సవరణలు

మరీ చిక్కబడితే వేడినీరు కలపాలి. చన్నీళ్లు పోస్తే రుచి చప్పబడుతుంది. పలుచబడితే మూత లేకుండా మరగనివ్వాలి. పిండి కలపనక్కరలేదు. తీపి ఎక్కువైతే మిరియాలు పెంచి, దించిన తరువాత నాలుగు చుక్కల నిమ్మరసం పిండవచ్చును. పచ్చి వాసన వచ్చిందంటే ముక్కలు చాలినంత కాలలేదని అర్థం. మరుసటిసారి పెనం మీద ఇంకొంత సమయం ఉంచాలి.

పాలు, మీగడ ఎందుకు వద్దంటున్నామని కొందరు అడుగవచ్చు. పులుపు పదార్థాలను పాలతో కలపడాన్ని చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయం విరుద్ధాహారంగా చెప్పింది. ఉప్పు వేసిన పాలను కూడా మన వైద్యులు వారిస్తారు. శాస్త్రం మాట అట్లా ఉంచినా, పులుపు తగిలితే పాలు విరుగుతాయన్నది వంటగది సత్యం. విందు రోజున మరింత కమ్మదనం కావాలనుకొనే వారు, దించబోయే ముందు అరకప్పు చిక్కని కొబ్బరిపాలు కలుపుకొనవచ్చు. కలిపిన తరువాత తెర్లనీయరాదు. అయితే జ్వరం నుండి కోలుకొంటున్న వారికి కొబ్బరిపాలు బరువు, వారికి వద్దు.

ఎవరికి, ఎట్లా?

తియ్యగుమ్మడి రుచికి మధురం, గుణానికి కొంత గురువు. కాబట్టి అల్లం, జీలకర్ర, మిరియాలు వంటి దీపన ద్రవ్యాల తోడు దీనికి అవసరం.

జ్వరం విడిచి, జావ అరిగించుకోగలుగుతున్న వారికి తొలిరోజు పోపు లేకుండా, పలుచగా, అరకప్పు మాత్రమే ఇవ్వాలి. అది ఒంటబట్టి మళ్లీ ఆకలి పుడితే మరునాడు నేతి పోపుతో ఒక కప్పు ఇవ్వవచ్చు. ఇది అకృతయూషం నుండి కృతయూషానికి నడచినట్లే. కడుపులో మంట కలవారికి మిరియాలు తగ్గించి ధనియాల పొడి వేయాలి. కఫం, ఒళ్లు బరువు ఉన్నవారికి నెయ్యి తగ్గించి, చిటికెడు శొంఠి కలపాలి. ఆరు నెలలు నిండి అన్నప్రాశన అయిన పసివారికి ఉప్పు, కారం వేయకముందే కాల్చిన గుమ్మడి, పప్పు ముద్దను రెండు మూడు చెంచాలు తీసిపెట్టవచ్చు.

ఒక విషయం మరువరాదు. ఈ కొలతలతో చేసిన యూషం ఒక గిన్నెలో మాంసకృత్తులు ఇంచుమించు 3 గ్రాములే ఉంటాయి. ఆకలిని మేల్కొలపడానికి, మార్పుగా ఉండడానికి ఇది మంచిదే గాని, రోజంతా దీనితోనే గడిపితే నీరసం తీరదు. జీర్ణశక్తి కుదుటపడిన కొద్దీ పెసరపప్పు పులగం, ముద్దపప్పు అన్నం, అలవాటున్నవారికి ఉడికించిన గ్రుడ్డు చేర్చుకొంటూ పోవాలి.

జాగ్రత్తలు

చేదు కాయ: గుమ్మడి, సొర, దోస కుటుంబపు కాయలలో అరుదుగా కుకుర్బిటాసిన్ అనే చేదు విషపదార్థం అధికంగా చేరుతుంది. వండినా ఆ విషం పోదు. తిన్నవారికి తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. చేదు సొరకాయ రసం వల్ల కలిగే ప్రమాదాలపై భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం ఇచ్చిన హెచ్చరిక 2012లో ప్రచురితమైంది. చేదు ఆరోగ్యానికి మంచిదన్న భావనతో ఇటువంటి కాయను ఎన్నడూ తినరాదు. కాకర చేదు వేరు, ఈ చేదు వేరు.

మధుమేహం: ఒక గిన్నె యూషంలో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దీనిని భోజనంలో అదనంగా కాక, అన్నం కొంత తగ్గించి ఆ స్థానంలో తీసుకోవాలి. బెల్లం, పంచదార చేర్చరాదు.

మూత్రపిండాల వ్యాధి: గుమ్మడిలో పొటాషియం చెప్పుకోదగినంత ఉంటుంది. పొటాషియం తగ్గించవలసిందని వైద్యులు చెప్పినవారు వారిని అడుగకుండా తీసుకోరాదు. రక్తపోటు ఉన్నవారు సైంధవలవణమైనా సరే మితంగానే వాడాలి. అది కూడా ఉప్పే.

మ్రింగుడు కష్టం: పక్షవాతం వచ్చినవారికి, త్రాగేటప్పుడు పొలమారుతున్నవారికి ద్రవాహారం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదముంది. ఎంత చిక్కదనం సరిపోతుందో వైద్యుని వద్ద తెలుసుకొన్న తరువాతనే ఇవ్వాలి.

పసుపు రంగు: వారాల తరబడి రోజూ అధికంగా గుమ్మడి, కారట్ తింటే అరచేతులు పసుపుపచ్చగా మారవచ్చు. కంటి తెల్లగ్రుడ్డు పచ్చబడకపోతే అది కామెర్లు కాదు. తినడం తగ్గిస్తే క్రమంగా పోతుంది. కన్ను కూడా పచ్చబడితే మాత్రం ఆలస్యం చేయక వైద్యుని చూడాలి.

నిలవ: వండిన రెండు గంటలలోగా చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు వాడవచ్చు. అవసరమైనంత మాత్రమే తీసి, తెర్లే వరకు వేడిచేయాలి. కోలుకొంటున్న వారికి మాత్రం ఏ పూటకా పూట చేసి ఇవ్వడమే శ్రేష్ఠం.

జ్వరం మూడు రోజులకు మించి ఉన్నా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా ఆహారంతో సరిపుచ్చుకోక వైద్యపరీక్ష చేయించాలి. యూషం ఔషధానికి తోడు మాత్రమే, ఔషధం కాదు.

ఇక గింజలను పారవేయకండి. కడిగి, ఎండబెట్టి, దోరగా వేయించి, పై పొట్టు ఒలిచి తినవచ్చు. ఇంట్లో పళ్లున్నవారికి అది మంచి చిరుతిండి.

విరిగిన పాల గిన్నెను పారబోసిన మరునాడు నేను ముక్కలను పెనం మీద కాల్చాను. వాసన వసారాలోకి వెళ్లింది. పిలవకుండానే నాన్నగారు వచ్చి పీట మీద కూర్చున్నారు. అరకప్పు పోశాను. త్రాగి, గిన్నె అడుగు చెంచాతో గీకుతూ, "ఇందులో కొంచెం మిరియం తగలాలమ్మా" అన్నారు. తిండికి వంక పెట్టేంత ఓపిక వచ్చిందంటే, ఆకలి తిరిగి వచ్చినట్లే గదా! మరునాడు మిరియాలు వేశాను.